అడిగి పెట్టించుకున్న శోకం

ఇంకో గంటలో ఆయన్ని తెస్తారట. ముందు గదిలో సోఫాలు గరాజులోకి పోయాయి, కార్పెట్ మీద తెల్లదుప్పట్లు పరిచారు, నన్ను తెచ్చి గోడవారగా కూర్చోబెట్టారు, పెళ్ళినాడు కూర్చోబెట్టినట్టే, ఆ రోజూ ఎక్కడ కూర్చుంటావని నన్నెవరూ అడగలేదు. నెత్తిన తెల్ల చున్నీ. మోకాళ్ళు పీకుతున్నాయి. హీటరు ఎవరు పెంచారో గాని గదంతా ఉడికిపోతోంది, ఇంగ్లండులో ఈ స్మెథిక్‌లో ఇంత చలిలో కూడా ఆడవాళ్ళు చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు, వంటింట్లోంచి సోంపు వేసి మరిగించిన టీ వాసన వస్తోంది. ఇంతమంది ఆడవాళ్ళు నా ఇంటికి ఎప్పుడొచ్చారు? కొడుకు పెళ్ళికి కూడా రాలేదు, పెళ్ళి హాల్లో చేశాం కదా, చావు మాత్రం ఇంట్లో. అందరూ నన్నే చూస్తున్నారు. జాలిగా చూస్తున్నారని కొత్తవాళ్ళెవరైనా అనుకుంటారు. ఆ చూపేమిటో నాకు తెలుసు. ఊళ్ళో అందరి చావులకూ శోకాలు పెట్టిన చన్నణ్ కౌర్ తన మొగుడికి ఏం పెడుతుందో వినాలని. చేతిరుమాళ్ళు మడిచి గుప్పిట్లో పెట్టుకుని మరీ వచ్చారు.

శోకం పెట్టడమంటే ఊరికే ఏడవడం కాదు. ఏడుపు ఎవరికైనా వస్తుంది, ఉల్లిపాయ తరిగినా వస్తుంది. చచ్చినవాణ్ణి ఎదురుగా పెట్టుకుని, వాణ్ణి పిలిచి, వాడి బతుకంతా ఒక్కొక్క మాటగా పైకి తీసి, చివర్లో గొంతును అలా విసిరి వదిలితే, చుట్టూ ఉన్నవాళ్ళు గుండెలు బాదుకుంటూ 'అయ్యో సింహమా, అయ్యో' అని అందుకోవాలి. మా అమ్మమ్మ పెట్టేది, జలంధర్ అవతల మా ఊళ్ళో. ఆవిడ వీపు వెనక కూర్చుని నేర్చుకున్నాను, ఆవిడ ఊపిరి ఎక్కడ తీస్తుందో వీపు చూస్తే తెలిసిపోయేది. ఇక్కడికొచ్చాక పెట్టగలిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే మా స్మెథిక్‌లో ఇంతవరకూ చెడ్డవాడు ఒక్కడూ చావలేదు. తప్పతాగి మెట్ల మీంచి దొర్లిపోయిన జర్నైల్‌ని 'పదిమంది దాహం తీర్చిన చెయ్యి' అన్నాను. పెళ్ళాన్ని బెల్టుతో బాదిన మల్కీత్‌ని 'ఇంటికి దూలం' అన్నాను, ఆ పెళ్ళాం నా ఒళ్ళో పడి వెక్కి వెక్కి ఏడ్చింది, ఆ దూలం ఎన్నిసార్లు తన మీద పడిందో ఆవిడకే తెలియాలి. అయినా ఏడ్చింది. మాట అలాంటిది. సరైన చోట విసిరితే చాలు, ఎవడైనా సింహమే.

గురుద్వారా కమిటీకి ఇది గిట్టదు. ప్రెసిడెంటు కర్తార్ సింగ్, పొడుగాటి తెల్లగడ్డం, మెత్తటి మాట, ప్రతి చావింట్లోనూ గుమ్మంలో నిలబడి చెప్తాడు, "దేవుడి ఇష్టానికి తలొంచాలి తల్లీ, నామం జపించుకోవాలి, ఈ పల్లెటూరి గోల మనకెందుకు?" అని. వాళ్ళమ్మ పోయినప్పుడు మాత్రం నా కోసం కారు పంపించాడు. ఇప్పుడూ ఆ గొంతు వీధిలోంచి వినపడుతోంది, ఎవరి కారు ఎక్కడ పెట్టాలో చెబుతున్నాడు, శవపేటిక వచ్చే కారుకి చోటు ఉంచమంటున్నాడు. ఆయన పెళ్ళాం నా పక్కనే కూర్చుంది, నసీబ్ కౌర్, మేమందరం సీబో అంటాం. నేను ఎక్కడ శోకం పెట్టినా పక్కన సీబో ఉండాల్సిందే, నేను మాట వదలగానే ముందు అందుకునేది తనే. అంతకుమించి ఆవిడ నోటినుంచి ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ వినలేదు. ఎలా ఉన్నావే అంటే నవ్వుతుంది. తిన్నావా అంటే తలూపుతుంది. అంత మంచి మొగుడు దొరికితే ఇంక మాట్లాడ్డానికేముంటుంది అని వీళ్ళే అంటారు, ఇదిగో ఈ రుమాళ్ళ వాళ్ళే.

మా ఆయన కూడా మంచివాడే. దర్బారా సింగ్ మీద ఒక్క చెడ్డమాట చెప్పమను ఎవర్నైనా. నన్ను ఒక్కనాడు కూడా కొట్టలేదు. ఈ మాట నాకు మా అత్త చెప్పింది, మా వదిన చెప్పింది, డాక్టరు దగ్గర నంబరు కోసం కూర్చుంటే పక్కనున్న ముక్కూమొహం తెలియనావిడ కూడా చెప్పింది, నీ అదృష్టం, చెయ్యెత్తని మనిషి అని. చెయ్యెత్తలేదు, నిజమే. టీవీ గొంతు పెంచేవాడు. గిన్నెలు తోముతూ ఏదో పాట కట్టుకుంటూ ఉండేదాన్ని, వాన గురించో, పక్కింటి తెల్లావిడ పిల్లి గురించో, రెండు మాటలు కలిసేవి, మూడోది నాలుక మీదికి వస్తుండగా అక్కడ గదిలో టీవీ లేచేది. గుర్రప్పందేలు. వార్తలు. ఏమీ లేకపోతే వాతావరణం. నేను ఆగితే అదీ తగ్గేది. ఒక్కమాట అనేవాడు కాదు, లేచొచ్చేవాడు కాదు, రిమోట్ మీద బొటనవేలు కదిపేవాడు అంతే. కొడుకు లఖ్బీర్‌కి ఒకసారి చెప్పాను. "నాన్న చెవులు ఫౌండ్రీలో పోయాయమ్మా, ఆ సుత్తుల చప్పుడుకి. నువ్వు ప్రతిదీ నీమీదే వేసుకుంటావు," అన్నాడు. పోయిన చెవులు. వీధి చివర ఎవడో పబ్బుకి వెళ్దామా అని గొణిగితే వినపడే చెవులు. మూడో గదిలో నేను ఫోన్లో మా చెల్లెలితో గుసగుసలాడితే "ఎవరితో?" అని అడిగే చెవులు. పిచ్చివాడు నా కొడుకు, తండ్రి మీద ఈగ వాలనివ్వడు.

ఒక పెళ్ళిలో కూడా పాడాను, ఎవరిది? సీబో కూతురిదే. ముందురోజు ఆడవాళ్ళ ఆటపాటలు, గరాజులో, మగవాళ్ళని తరిమేసి తలుపులు దించేశాం. అత్తగార్ల ముక్కుల మీద పాట కట్టాను, ఫౌండ్రీ నుంచి నల్లబొగ్గులై వచ్చి తెల్ల తువ్వాలు ఏదని అరిచే మొగుళ్ళ మీద కట్టాను, అప్పటికప్పుడు, చప్పట్లు ఆగకముందే ఇంకోటి. ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయారు. సీబో నవ్వింది, పళ్ళన్నీ కనపడేలా, అంతకుముందు గాని తర్వాత గాని ఆ పళ్ళు నేను చూడలేదు. ఆ గుంపులో ఒక అమ్మాయి ఉంది, రేడియోలో శనివారం పంజాబీ కార్యక్రమం చేసేది. నా చేతులు పట్టుకుని, "ఆంటీ, మీరు వచ్చి పాడాలి, మీలాంటివాళ్ళు మాకెక్కడ దొరుకుతారు?" అంది. ఇంటికి తేలిపోతూ వచ్చాను. ఆయన అప్పటికే మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు, గరాజు తలుపు సందులోంచి విన్నాడట. "నా తువ్వాలు గురించి ఊరంతా నవ్విస్తావా?" అన్నాడు. నీ తువ్వాలు కాదు, అందరి తువ్వాళ్ళూ అన్నాను. రేడియో సంగతి చెప్పాను. ఎక్కువ మాట్లాడలేదు. "నా పెళ్ళాం గొంతు ఊళ్ళోవాళ్ళ వంటిళ్ళలో తిరగాలా? ఏడవాలనుంటే వెళ్ళి ఏడువు, చావులున్నాయి కదా. ఆడవాళ్ళు ఏడుస్తారు, దానికెవరూ ఏమీ అనరు," అన్నాడు. ఆ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ ఆయనే తీశాడు. అంతే, మిగిలిందంతా చావులకే పోయింది. నవ్వుల్లోకి పోవాల్సిన మాటలన్నీ తీసుకెళ్ళి శవాల తలాపున పోశాను. పైగా చావులో నేను పెడుతుంటే మగవాళ్ళ మధ్య నిలబడి మీసం దువ్వుకుంటూ "మా ఆవిడే" అని చెప్పుకునేవాడట, అదీ నాకు తెలుసు.

"అత్తయ్యా, రెండు గుక్కలు టీ తాగండి," కోడలు రూప్ వంగి కప్పు అందిస్తోంది. మంచి పిల్ల. లెస్టర్‌లో పుట్టింది, పంజాబీ వంకరటింకరగా మాట్లాడుతుంది గాని సిగ్గుపడకుండా మాట్లాడుతుంది. "మీరు పెట్టేది నేను ఫోన్లో రికార్డు చేసుకోనా? మీకు కష్టంగా ఉంటే వద్దు," అంది చెవిలో. ఎందుకే అన్నాను. "మీ తర్వాత ఇది ఎవరికీ రాదు కదా," అంది. ఇన్నేళ్ళకు నా మాట దాచుకుంటానని అడిగిన మనిషి దొరికింది, దొరికి ఏం దాస్తుంది? ఆయన గారి గొప్పలు. అవే మిగులుతాయి నా తర్వాత. మునిమనవలు వింటారు, ఆహా మా ముత్తాత ఎంత సింహమో అని.

ఎందుకంటే ఆయన అడిగి వెళ్ళాడు. ఆసుపత్రిలో, మాట ఇంకా పూర్తిగా పడిపోకముందు, మధ్యాహ్నం, నేను కమలాపండు ఒలుస్తున్నాను. "నాది బాగా పెట్టాలి," అన్నాడు. ఏది అన్నాను. "శోకం. మల్కీత్‌కి పెట్టినదానికన్నా పొడుగుండాలి. వాడిపాటి చెయ్యలేదా నేను?" నవ్వు వచ్చింది, మొహం చూస్తే హాస్యం కాదు. లెక్కగా చెప్పుకొచ్చాడు. ఫౌండ్రీ సమ్మెలో ముందు వరసలో నిలబడ్డది చెప్పాలి. తమ్ముళ్ళని రప్పించి నిలబెట్టింది చెప్పాలి. గురుద్వారా మెట్లకి సిమెంటు బస్తాలు మోసింది చెప్పాలి, కర్తార్ సింగ్ వింటుండగా చెప్పాలి, ఆయన మర్చిపోయినట్టున్నాడు. ఇంకా, అన్నాను. "ఇంకా నువ్వే చూసి పెట్టు, నీకు తెలీదా?" అన్నాడు. "మరి నా గురించేమైనా చెప్పాలా అందులో?" అని అడిగాను. నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "నీ గురించి ఎందుకు? పోయేది నేను కదా." ఒలిచిన తొనలు గిన్నెలో పెట్టాను. ఒకటి నోట్లో వేసుకుని, "ఒకసారి వినిపించు, ఎలా వస్తుందో చూద్దాం," అన్నాడు. నలభై ఏళ్ళ పైచిలుకు కాపురంలో నా గొంతు వినిపించమని అడగడం అదే మొదలు. ఒళ్ళంతా మండింది, కాని ఆ మంటలోనే, సిగ్గులేకపోతే సరి, ఎక్కడో మనసు ఉబ్బింది కూడా. బతికున్నవాళ్ళకి పెట్టకూడదు, మంచిది కాదు అన్నాను. అలిగాడు. గోడవైపు తిరిగి, నర్సుని పిలిచి టీవీ పెట్టమన్నాడు.

కాలిన మచ్చలుండేవి ఆ చేతుల నిండా. అదీ గుర్తొస్తోంది, ఇప్పుడే ఎందుకు గుర్తురావాలో. చలికాలం పొద్దున్నే చీకట్లో లేచి వెళ్ళేవాడు, ఇనుము వాసన ఏ సబ్బుకీ పోయేది కాదు, రొట్టె విరిచి పెట్టినా అదే వాసన. ఆ వాసన మీద నేను ఒకటి కట్టాను తెలుసా, మంచిదే కట్టాను, ప్రేమగానే కట్టాను, పెళ్ళైన కొత్తలో. విని ఉంటే ఎంత బాగుండేది. మొదటి రెండు మాటలకే లేచింది టీవీ. అదే నన్ను తినేసేది, ఆయనను పొగిడినవి కూడా ఆయన వినలేదు. చచ్చిపోయాక వినడానికి మాత్రం ఒప్పందం రాయించుకున్నట్టు చెప్పి వెళ్ళాడు. ఇప్పుడేం చెయ్యాలి నేను? చెప్పినవన్నీ వరసగా పెడితే పని అయిపోతుంది, అందరూ ఏడుస్తారు, లఖ్బీర్ ఛాతీ పొంగుతుంది, రూప్ ఫోన్లో భద్రంగా ఉంటుంది. నా సొంతానికి ఈ లోకంలో ఉన్నది మాట ఒక్కటే, దాన్ని కూడా ఆయన కాళ్ళ దగ్గర పెట్టి దణ్ణం పెట్టినట్టవుతుంది. పెట్టకుండా ఊరుకుంటే? ఊరంతటికీ ఏడ్చి మొగుడికి నోరు రాలేదంటారు, ఆ మాట నా కొడుకు మెడకి చుట్టుకుంటుంది. ఇక ఉన్నది ఉన్నట్టు అంటే? శోకంలో అబద్ధం తప్ప ఇంకోటి పట్టదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. పట్టదని ఎవరు చెప్పారు? అమ్మమ్మ చెప్పలేదు.

బయట తలుపులు చప్పుడయ్యాయి. వీధిలో మాటలు ఒక్కసారి ఆగిపోయాయి. నల్లకోట్ల వాళ్ళు నలుగురు పేటికను అడ్డంగా తిప్పి, గుమ్మం దగ్గర నిటారుగా ఎత్తి, మళ్ళీ వాల్చి, గది మధ్య స్టాండు మీద పెట్టారు, మూత తీశారు, తల వంచి వెళ్ళిపోయారు. తలపాగా ఎవరు కట్టారో, మరీ బిగించారు, కనుబొమలు పైకి లేచి ఏదో ఆశ్చర్యపోయినట్టున్నాడు. బుగ్గలకి రంగు వేశారు. పెదాలు మూసి ఉన్నాయి. నన్ను ఇద్దరు లేపి తలాపున నిలబెట్టారు. గుమ్మంలో లఖ్బీర్, వాడి వెనక కర్తార్ సింగ్, వాళ్ళ వెనక మెడలు సాచి చూసే మగవాళ్ళు. ఎవరో ముక్కు చీదారు. తర్వాత ఒక్క చప్పుడు లేదు. అంత నిశ్శబ్దం నా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. ఆ బొటనవేలి వైపు చూశాను. కదల్లేదు.

నోరు తెరిచాను. గొంతు అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చినట్టే వచ్చింది, లోతుగా, బాగానే.

"ఇంట్లో నేను నోరు తెరిస్తే టీవీ పెంచినవాడా..."

"అయ్యో సింహమా, అయ్యో," అన్నారు ఆడవాళ్ళు. అరచేతులు గుండెల మీద ఒక్కసారే పడ్డాయి.

"పెళ్ళిలో పాడితే పరువు పోయిందన్నవాడా, చావులో పాడితే మా ఆవిడేనని మురిసినవాడా..."

"అయ్యో సింహమా, అయ్యో."

"పేరు పెట్టి ఒక్కనాడూ పిలవనివాడా, ఓయ్ అని పిలిచి పలికించుకున్నవాడా. నీ చేతి వాసన మీద పాట కడితే, అది కూడా విననివాడా..."

"అయ్యో సింహమా."

ఆపలేకపోయాను. ఆపాలని కూడా లేదు. నీ శోకం నువ్వే చెప్పి కట్టించుకున్నవాడా, అందులో నాకు చోటు లేదన్నవాడా అన్నాను. ఇవాళ నేను మాట్లాడుతుంటే అడ్డం రాలేక పడుకున్నవాడా అన్నాను. ఒక్కో మాటా రాయిలా వేశాను, మెత్తగా చుట్టలేదు, చాటుగా పెట్టలేదు. ప్రతిదానికీ వాళ్ళు సింహమా అంటూనే ఉన్నారు. కళ్ళు తుడుచుకుంటున్నారు. వెనక వరసలో ముసలావిడ ఒకామె 'ఎంత మాట, ఎంత మాట' అని తలాడిస్తూ ఏడుస్తోంది. సీబో నా పక్కన గుండె మీద ఎంత గట్టిగా బాదుకుంటోందంటే ఆ దెబ్బ నా భుజానికి తగులుతోంది. మా ఆయన సింహంగానే పడుకున్నాడు, రంగు బుగ్గలతో, నేను ఏమన్నా సింహమే. అప్పుడు అర్థమైంది నాకు, వీళ్ళు ఏనాడూ నా మాట వినలేదు. రాగం విన్నారు. ఎక్కడ విసురుతానో చూసి అక్కడ అందుకున్నారు, అంతే. జర్నైల్‌కీ అంతే, మల్కీత్‌కీ అంతే. నేను రాత్రులు నిద్ర మానుకుని ఏరి కూర్చిన మాటలు, ఏ మాటలైనా ఒకటే వీళ్ళకి. గొంతు దానంతట అదే ఆగిపోయింది.

కర్తార్ సింగ్ రెండు చేతులూ జోడించి, "చాలు తల్లీ, ఇక దేవుణ్ణి తలచి వాహెగురు అనండి, ఆయన ఆత్మకి శాంతి," అన్నాడు. మూత వేశారు. లఖ్బీర్ వచ్చి నన్ను కావిలించుకున్నాడు, కళ్ళు వాచిపోయి ఉన్నాయి, చిన్నప్పుడు మోకాలు కొట్టుకుపోయి వచ్చినప్పటి మొహం. "ఎంత బాగా చెప్పావమ్మా. నాన్న విని ఉంటే ఎంత సంతోషించేవాడో," అన్నాడు. వాడికి మన పంజాబీలో కూర తినమనీ కోటు వేసుకోమనీ చెబితే తెలుస్తుంది, అంతకంటే లోతుకి వాడు దిగడు, దిగనివ్వలేదు ఎవరూ. వాడి వీపు నిమిరాను. నా కొడుకే, ఏమంటాను. రూప్ ఫోన్ చేతిలో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది, నా వైపు చూడ్డం లేదు. మగవాళ్ళు పేటికను భుజాలకెత్తుకున్నారు. గురుద్వారాకి వెళ్ళాలి, అక్కడినుంచి శ్మశానానికి, అక్కడ కొరివికి బదులు బటన్ నొక్కేది లఖ్బీర్. ఆడవాళ్ళు రుమాళ్ళు పర్సుల్లో పెట్టుకుని ఎవరి కార్లో ఎవరు ఎక్కాలో మాట్లాడుకుంటున్నారు, మధ్యాహ్నం పప్పులో ఉప్పు ఎక్కువవకుండా చూడమని ఎవరికో చెబుతున్నారు. అయిపోయింది. ఉన్నదంతా అనేశాను, అన్నా ఏమీ కాలేదు, ఒక కప్పు కూడా కింద పడలేదు.

నడవాలో చెప్పుల గుట్టలో నా జోళ్ళు దొరకడం లేదు. సీబో వంగి వెతికింది, దొరికాక నేల మీద మోకాళ్ళేసి కూర్చుని నా కాళ్ళకి తనే తొడిగింది, వద్దంటున్నా వినలేదు. ఎడమ జోడు పట్టీ బిగించి, అక్కడే కూర్చుని, తల ఎత్తకుండా అంది.

"చన్నణ్, మా ఆయనకి కూడా ఇలాగే పెట్టు."

నాకు అర్థం కాలేదు. ఏమిటే అన్నాను.

"ఇలాగే. ఉన్నది ఉన్నట్టు. మెత్తగా చెయ్యొద్దు. ఏమేమి పెట్టాలో నేను చెప్తాను, ఒకరోజంతా నాకోసం ఉంచు, చాలా ఉంది." పట్టీ బిగించడం అయిపోయింది, అయినా వేళ్ళు దాన్ని వదల్లేదు. "అందరూ విన్నారు. ఎవరూ వినలేదని నువ్వనుకున్నావు గాని, విన్నారు. నీ రెండో మాటకే నా పక్కనున్న ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మేం సింహమా అనకపోతే ఆ మగవాళ్ళు నిన్ను ఆపేసేవాళ్ళు కదా."

వీధిలోంచి కర్తార్ సింగ్ గొంతు వినపడుతోంది, ఆడవాళ్ళు తొందరగా రావాలి, ఆలస్యమైపోతోంది అని, మెత్తగా, మర్యాదగా. తలుపు సందులోంచి మనిషి కనపడుతున్నాడు, నిటారుగా ఉన్నాడు, ఆ వయసుకి నడుం కూడా వంగలేదు.

"ఆయనకేం రోగమొచ్చిందే ఇప్పుడు?" అన్నాను.

"ఏ రోగమూ లేదు," అంది సీబో. "బీపీ కూడా లేదు. తెల్లారగట్ల లేచి పార్కు చుట్టూ నడిచొస్తాడు." అని, చున్నీ చెంగు నోట్లో కుక్కుకుని, నా కాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది.